రొమేనియా నుంచి కుక్కను తెచ్చుకుంటున్నాం, ఏ పరీక్షలు అడగాలి?

థేమ్స్ గట్టు:
అందరికీ నమస్కారం. మేముండేది ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్లో. రొమేనియా షెల్టర్‌లో ఉన్న రెండేళ్ల ఆడకుక్కను దత్తత తీసుకుందామనుకుంటున్నాం. చిప్, రేబిస్ టీకా, పాస్‌పోర్ట్ అన్నీ ఉన్నాయన్నారు. మా ఆవిడకు ఇప్పుడు ఐదో నెల. అత్తగారు మాత్రం "ఇప్పుడెందుకు బాబూ" అంటున్నారు. జబ్బుల భయం నిజంగా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కొవెంట్రీ వెట్ నర్స్:
పాస్‌పోర్ట్ ఉన్నంత మాత్రాన జబ్బు లేదని కాదండీ. బ్రిటన్‌లోకి రానివ్వడానికి చూసేవి చిప్, 12 వారాలు నిండాక వేసిన రేబిస్ టీకా, ఆపైన 21 రోజుల గడువు, బ్రిటన్‌లో అడుగు పెట్టడానికి 1 నుంచి 5 రోజుల ముందు టేప్‌వార్మ్ (పేగుల్లో బద్దెపురుగు) మందు. బ్రుసెల్లా కేనిస్ పరీక్ష అందులో లేదు. మీ విషయంలో నా టెన్షన్ అంతా దాని గురించే.

ఈ బ్యాక్టీరియా ఉన్న కుక్క హాయిగా తింటూ ఆడుకుంటూనే ఉండొచ్చు. గర్భం పోయినప్పుడు, ఈనినప్పుడు వచ్చే స్రావాల్లో బాగా ఎక్కువ, మూత్రంలోనూ ఉంటుంది. మనుషులకు అంటడం అరుదే. అంటితే మాత్రం వచ్చి పోయే జ్వరం, కీళ్ల నొప్పులు, నీరసం. గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో ఇంకా జాగ్రత్త పడాలి. దీనికి టీకా లేదు. యాంటిబయాటిక్స్ వాడినా పూర్తిగా పోయిందని ఎవరూ హామీ ఇవ్వలేరు, అందుకే కొన్ని కుక్కలకు మందిచ్చి ప్రాణం తీయాల్సి వస్తోంది. మా క్లినిక్‌లో ఈ రిపోర్ట్ చూడకుండా బయటి దేశం కుక్కకు స్పే (పిల్లలు పుట్టకుండా చేసే) ఆపరేషన్ చేయరు.

బుజ్జి వాళ్ల అమ్మ, లీడ్స్:
మా బుజ్జి సైప్రస్ కుక్క. వచ్చినప్పుడు నిగనిగలాడేది. తర్వాత చాలా కాలానికి కళ్ల చుట్టూ వెంట్రుకలు ఊడిపోయి కళ్లజోడు పెట్టినట్టు అయింది. గోళ్లు కత్తిరించిన కొన్నాళ్లకే మళ్లీ వంకర తిరిగి పెరిగేవి. చర్మం అలర్జీ అని షాంపూలు మార్చాం. చివరికి రక్తపరీక్షలో లీష్మేనియా అని తేలింది. సాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కుట్టడం వల్ల వచ్చేది, నెలలూ ఏళ్లూ లోపలే దాక్కుంటుందట. ఇప్పుడు రోజూ అల్లోప్యూరినాల్ మాత్ర వేస్తున్నాం. ఆ మందుతో మూత్రంలో రాళ్లు పడతాయని ప్యూరిన్ తక్కువున్న తిండే పెడుతున్నాం. కిడ్నీల కోసం మూత్రపరీక్షలు చేయిస్తూనే ఉండాలి. అది మా బిడ్డే, వదులుకోం. కానీ ఖర్చు ముందే తెలిసుండాలి. మాకు కుక్కను ఇచ్చిన సంస్థ ఈ జబ్బు పేరు కూడా ఎత్తలేదు, అదే బాధ.

ఎడిసన్ నుంచి పద్మ:
మాది అమెరికా. 2021లో అజర్‌బైజాన్ నుంచి వచ్చిన రెస్క్యూ కుక్కల్లో ఒకదానికి పెన్సిల్వేనియా చేరాక రేబిస్ బయటపడింది, దానికి టీకా పత్రం ఉన్నా సరే. 2024 ఆగస్టు నుంచి నిబంధనలు గట్టివయ్యాయి. కుక్కకు ఆరు నెలలు నిండాలి, చిప్ ఉండాలి. ఇండియా రేబిస్ హై రిస్క్ జాబితాలో ఉంది. హైదరాబాద్ నుంచి వీధికుక్కను తెచ్చుకోవాలనుకునేవాళ్లు అక్కడ టీకా వేయించాక యాంటీబాడీ టైటర్ పరీక్ష (టీకా పనిచేసిందో లేదో చూసే రక్తపరీక్ష) కూడా చేయిస్తే మంచిది. అది లేకపోతే ఇక్కడ 28 రోజులు క్వారంటైన్. టిక్ ఫీవర్ పరీక్ష ఎటూ మానొద్దు, మన ఊళ్లలో పిడుదుల సంగతి తెలిసిందేగా.

కొవెంట్రీ వెట్ నర్స్:
పద్మగారు పిడుదుల మాట ఎత్తారు కాబట్టి ఒకటి చెప్పాలి. 2016 ప్రాంతంలో ఎసెక్స్‌లోని హార్లోలో ఎన్నడూ దేశం దాటని కుక్కలకు బబీసియా (పిడుదుల ద్వారా ఎక్కే రక్తపు జబ్బు) వచ్చింది. మూత్రం ఎర్రగా, నీరసం, రక్తహీనత. అక్కడి పిడుదుల్లోనే ఆ క్రిమి దొరికింది. ఒకసారి ఇక్కడి పిడుదులకు ఎక్కితే పక్కింటి కుక్కకూ ముప్పే. కుక్క దిగగానే చెవుల వెనక, వేళ్ల సందుల్లో వేళ్లతో తడిమి చూడండి.

థేమ్స్ గట్టు:
చాలా థ్యాంక్సండీ అందరికీ. బ్రుసెల్లా, లీష్మేనియా, హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు), ఎర్లికియా (పిడుదులతో వచ్చే టిక్ ఫీవర్), బబీసియా రిపోర్టులు అడిగాను. ల్యాబ్ పేరు, తేదీ, చిప్ నంబర్ ఉన్న అసలు కాగితాలే కావాలన్నాను. అన్నీ నెగటివ్ వస్తే తెచ్చేసుకోవచ్చా?

కొవెంట్రీ వెట్ నర్స్:
ఒక్క నెగటివ్‌తో తేల్చేయొద్దు. బ్రుసెల్లా యాంటీబాడీలు కనబడటానికి నెలలు పట్టొచ్చు. షెల్టర్‌లో మిగతా కుక్కలతో కలిసుంటే, అక్కడి నుంచి విడదీసిన మూడు నెలలకు మళ్లీ చేయించాలి. హార్ట్‌వార్మ్ అయితే ఆరు నెలలకు. మీ ఇంటి పరిస్థితికి, ఆ కుక్కను అక్కడే ఫాస్టర్ ఇంట్లో (కొన్నాళ్లు సాకేవాళ్ల దగ్గర) పెట్టించి, రెండో రిపోర్ట్ వచ్చాక రప్పించండి. ఈలోపు వాళ్లు తొందర పెడితే ఒప్పుకోకండి.