సరిహద్దు సంఘాలు సర్కారీ ఆఫీసులైపోతున్నాయా?

మురళి: జర్మనీ, నెదర్లాండ్స్ సరిహద్దు ఊళ్లు 1958లో చేతులు కలిపితే పుట్టింది యూరెజియో. ఆఫీసు జర్మనీ వైపు గ్రోనౌలో. మొన్నమొన్నటి దాకా రిజిస్టర్డ్ సొసైటీ, 2016 నుంచి ప్రభుత్వ చట్టం కింద నడిచే సంస్థ. పేరుకు సంఘం, చేసేది దరఖాస్తుల పరిశీలన. 1990లో ఇంటర్‌రెగ్ నిధులు, అంటే సరిహద్దు ప్రాంతాల సహకారానికి యూరోపియన్ యూనియన్ ఇచ్చే సొమ్ము, మొదలైన రోజే దీని తలరాత మారింది.

సుధారాణి: 2016 మార్పును ఇంటర్‌రెగ్ ఖాతాలో వేయకండి మురళి గారూ. డచ్ మునిసిపాలిటీ జర్మన్ చట్టం కిందున్న ఉమ్మడి సంస్థలో చేరడానికి దారి ఇచ్చింది జర్మనీ, నెదర్లాండ్స్ మధ్య 1991లో కుదిరిన అన్‌హోల్ట్ ఒప్పందం. అయినా సభ్యులు ఎక్కువగా మునిసిపాలిటీలు, జిల్లాలే. మేయర్లు కూర్చునే సంఘం ఆఫీసులా కాక భజన మండలిలా ఉంటుందా?

మురళి: రూపం సంగతి సరే, పని సంగతి? అటు బడి, ఇటు బడి కలిసి ఇంటర్‌రెగ్ డబ్బుతో పిల్లల పోటీ పెట్టుకున్నాయనుకోండి. బస్సుకు కొటేషన్లు, ఉద్యోగి పనిగంటల పట్టీ, పోస్టరు మీద యూరోపియన్ యూనియన్ జెండా. ఇవి సరిచూడటానికి ఒకరు, ఆయన చూసింది చూడటానికి ఆడిటరు. పైగా ఎన్+3 నిబంధన: ఏడాదికి కేటాయించిన సొమ్మును ఇంటర్‌రెగ్ ప్రోగ్రాం ఆ తర్వాతి మూడేళ్లలోపు క్లెయిమ్ చేయకపోతే వెనక్కి పోతుంది. గడువు ముంచుకొస్తే మంచి ప్రాజెక్టు కన్నా త్వరగా బిల్లు పెట్టేదే ముద్దు.

ఫణి: బిల్లుల గోల కొంత తగ్గింది. 2021-27 నిబంధనల్లో చిన్న ప్రాజెక్టుల నిధి నుంచి వెళ్లే సాయం లక్ష యూరోలు దాటకపోతే యూనిట్ ధర (ఒక్కోదానికి ఇంత), ఫ్లాట్ రేటు (ఖర్చులో ఇంత శాతం), లంప్‌సమ్ (పని అయితే మొత్తంగా ఇంత) లాంటి పద్ధతులే. కానీ లంప్‌సమ్‌లో అసలు చిక్కు వేరే. ఒప్పందంలో ‘40 మంది పాల్గొనాలి’ అని రాసి, హాజరు పట్టీలో 37 సంతకాలే ఉంటే మొత్తం సొమ్ముకే ఎసరు. ‘పోటీ జరగాలి, రెండు దేశాల పిల్లలూ ఉండాలి’ అని రాసుకుంటే బతికిపోతారు. రశీదులు పోయాయి గానీ గుమాస్తా పోలేదు, ఒప్పందం రాసే బల్ల దగ్గరికి మారాడంతే.

సుధారాణి: ఆ గుమాస్తాతోనే జనానికి పని! డచ్ వైపు ఎన్‌షెడేలో ఉంటూ గ్రోనౌలో కొలువు చేసేవాళ్లకి పన్ను ఎక్కడ, ఆరోగ్య బీమా ఎక్కడ, పిల్లల భత్యం ఎవరిస్తారు? యూరెజియో సరిహద్దు సమాచార కేంద్రానికి వచ్చేది ఈ ప్రశ్నలతోనే. వాళ్లకి కావలసింది ఉద్యమం కాదు, టైముకి తెరిచే కౌంటరు.

మురళి: కౌంటరు ఉండనివ్వండి. నిధులు పంచే విభాగాన్ని విడగొట్టి, కౌంటరు జీతాలు సభ్యత్వ రుసుముతో ఇమ్మంటున్నా.

ఫణి: రుసుము పెంచుదామంటే ఏ మేయరు చెయ్యెత్తుతాడండీ?