ఆయిల్ మారే లేన్లకు మూడే బౌలింగ్ బంతులు: ఏవి ఎంచుకోవాలి?

గుత్తికోట (అనంతపురం)

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఉంటూ వారాంతాల్లో బెంగళూరు వెళ్లి టెన్‌పిన్ బౌలింగ్ (లేన్ అనే పొడవాటి బాట మీద బరువైన బంతిని దొర్లించి, చివరనున్న పది పిన్నులను పడగొట్టే ఆట) లీగు ఆడుతుంటాను. పనిమీద హైదరాబాదు వెళ్లినప్పుడు అక్కడ ఒక మాల్‌లోని సెంటరులో కూడా ఆడతాను. ఇంతవరకు సెంటరువాళ్ల బంతులతోనే నెట్టుకొచ్చాను. ఇప్పుడు అమెరికాలో ఉన్న మా బావ సంక్రాంతికి వస్తూ నాకు కావలసిన బంతులు తెస్తానన్నాడు. విమానంలో పెట్టెకు 23 కిలోల పరిమితి ఉంది, 15 పౌండ్ల బంతి ఒక్కటే 6.8 కిలోలు తూగుతుంది. అంటే మూడు బంతులు పెడితే ఒక పెట్టె దాదాపు నిండినట్టే. ఆ సంగతి తెలిశాక మా అక్క ఏమంటుందో చూడాలి గానీ, మూడింటికి మించి అడిగే ధైర్యం మాత్రం నాకు లేదు.

నా ఆట గురించి చెప్పాలంటే, నాది కుడిచేతివాటం. తెర మీద వేగం సాధారణంగా 25, 26 కిలోమీటర్లు చూపిస్తుంది. హుక్, అంటే బంతి దారిలో లోపలికి వంగడం, ఒక మోస్తరుగా వస్తుంది. బెంగళూరులో ఉదయం లీగు మొదలయ్యేటప్పుడు లేన్‌కు పూసిన ఆయిల్ దండిగా ఉంటుంది. మూడో గేమ్ వచ్చేసరికి అదే గీత మీద వేసిన బంతి ముందుగానే తిరిగి, అన్నిటికంటే ముందున్న హెడ్‌పిన్‌కు ఎడమవైపు వెళ్లిపోతుంది. హైదరాబాదులో నేను ఆడే చోట సాయంత్రానికి లేన్లు బాగా ఎండిపోయి ఉంటాయి, అక్కడ మొదటి ఫ్రేమ్ (వంతు) నుంచే ఈ తిప్పలు తప్పవు. వీడియోలలో ఆరేడు బంతుల సెట్లు చూపిస్తున్నారు. మూడే కొనగలిగినవాడు ఏ మూడు కొనాలో, ఎందుకో పెద్దలు చెబితే మేలు చేసినవారవుతారు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

గుత్తికోట గారూ, బంతుల పేర్ల జోలికి వెళ్లకముందు లేన్ గురించి కొంత చెప్పనివ్వండి, ఎందుకంటే లేన్ అర్థం కానివారికి ఆరు బంతులున్నా ఆరూ ఒకేలా కనిపిస్తాయి. బంతి వదిలేచోట ఉండే ఫౌల్ గీత నుంచి హెడ్‌పిన్ వరకు 60 అడుగులు, అడ్డంగా 39 బోర్డులు (సన్నని పలకలు). మామూలు సెంటర్లలో వేసే ఆయిల్ ముందుభాగంలో సుమారు 40 అడుగుల వరకు ఉంటుంది, ఆ తరువాతి భాగం పొడి. అడ్డంగా చూసినా ఆయిల్ సమానంగా ఉండదు. మధ్య బోర్డుల మీద మందంగా, అంచుల దగ్గర పలుచగా వేస్తారు. అందుకే కాస్త బయటికి జారిన బంతి కూడా పొడిలో పట్టు దొరకబుచ్చుకుని లోపలికి తిరిగి వస్తుంది, లోపలికి పడిన బంతి ఆయిల్ మీద జారుతూ గీత నిలుపుకుంటుంది. ఈ వెసులుబాటు కోసమే అలా వేస్తారు. పోటీల కోసం వేసే కఠినమైన పద్ధతులలో ఈ తేడా బాగా తగ్గిపోతుంది.

ఆయిల్ ఎంత పొడవు ఉందో తెలిస్తే, అందులోంచి 31 తీసివేయండి. మిగిలిన సంఖ్య, కుడిచేతివారికి కుడి అంచు నుంచి లెక్కిస్తే, బంతి లోపలికి మళ్లవలసిన బోర్డు. 40 అడుగులకు 9వ బోర్డు, 35 అడుగులకు 4వ బోర్డు. ఇది మొదటి బంతికి అంచనా మాత్రమే. తరువాత కళ్లే చెప్పాలి.

ఇక బంతి విషయం. ప్రకటనలన్నీ లోపలి కోర్ (బరువు దిమ్మ) బొమ్మలతో నిండి ఉంటాయి గానీ, లేన్ మీద బంతి నడతలో పెద్ద వాటా పై పొరది, ఆ పొర ఎంత గరుకుగా ఉందన్న దానిది. ప్లాస్టిక్ పొర ఆయిల్‌ను పీల్చుకోదు, దాదాపు తిన్నగా పోతుంది. 1990ల తొలినాళ్లలో వచ్చిన రియాక్టివ్ రెసిన్ పొరకు సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. అది ఆయిల్‌ను పీల్చుకుంటూ పోయి, పొడి తగలగానే గట్టిగా పట్టుకుంటుంది. ఈ రెసిన్‌లోనే సాలిడ్ రకం ముందుగా, నెమ్మదిగా మళ్లుతుంది. పెర్ల్ రకం ముందుభాగంలో ఎక్కువ జారి, చివరలో చురుకుగా తిరుగుతుంది. హైబ్రిడ్ ఈ రెండింటి నడుమ ఉంటుంది.

మీకు నా సలహా ఇది. మొదటిది ప్లాస్టిక్ బంతి, స్పేర్ల కోసం, అంటే మొదటి బంతికి మిగిలిన పిన్నులను రెండో బంతితో పడగొట్టడానికి. చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు, నేను మాత్రం మొదట కొనమంటాను. కుడిచేతివారికి మూలనున్న 10వ పిన్ను ఒక్కటే మిగిలినప్పుడు ఆయిల్ ఎంత ఉందన్న చింత లేకుండా తిన్నగా వేయగలిగితే, ఏ లేన్ మీదైనా స్కోరు పడిపోకుండా నిలబడుతుంది. రెండవది నడిమి బంతి. సిమెట్రిక్ (సమరూపమైన) కోర్ ఉన్న సాలిడ్ రియాక్టివ్, 2000 లేదా 3000 నంబరు గరుకు ప్యాడ్‌తో రుద్దిన పొర (నంబరు పెరిగేకొద్దీ పొర నునుపు). లీగు మొదటి గేమ్‌లో ఈ బంతి ఎక్కడ మళ్లిందో చూస్తేనే లేన్ సంగతి తెలుస్తుంది. మిగతా బంతులన్నీ దీనికంటే ముందు తిరిగేవా, తరువాత తిరిగేవా అని లెక్క వేసుకోవాలి. మూడవది తక్కువ బలమున్న పెర్ల్, పాలిష్ చేసినది. మూడో గేమ్‌లో గీత ఎండిపోయినప్పుడు ముందుగా పాదాలు ఎడమకు రెండు మూడు బోర్డులు జరపండి. అదీ చాలకపోతే ఈ బంతి తీయండి.

పెద్ద అసిమెట్రిక్ కోర్ ఉన్న బలమైన బంతులు చూడముచ్చటగా తిరుగుతాయి. కానీ మీ వేగానికి, అందులోనూ మీరు చెప్పిన ఎండిన లేన్ల మీద, అవి పాకెట్ (హెడ్‌పిన్‌కూ దాని పక్క పిన్నుకూ మధ్య సందు) చేరకముందే శక్తి అంతా ఖర్చు చేసుకుంటాయి. ఆ డబ్బు మిగుల్చుకోండి.

పెన్నగట్టు (కడప)

పైన చెప్పినదానిలో ముప్పాతిక భాగం నాకు సమ్మతమే. ఉద్యోగరీత్యా డల్లాస్‌లో ఉన్న కాలంలో లీగులు ఆడినవాడిగా, మూడవ బంతి విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. గుత్తికోట గారి అసలు బాధ హైదరాబాదు లేన్లు. ఆయిల్ అరిగిపోయిన లేన్ మీద పెర్ల్ బంతి కూడా రియాక్టివ్ బంతే. పొడి తగిలిన క్షణంలో అది ఎగిరి లోపలికి దూకుతుంది, ఎక్కడ దూకుతుందో ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కో తీరుగా ఉంటుంది. అటువంటి చోట యురేథేన్ బంతి నయం. అది ముందే మళ్లడం మొదలుపెట్టి, ఒకే విల్లులా నెమ్మదిగా వంగుతూ పోతుంది, గీత చెదరదు. 1980ల తొలి సంవత్సరాలలో వచ్చిన ఈ రకాన్ని ఇవాళ్టికీ తక్కువ పొడవున ఆయిల్ పూసిన లేన్ల మీద వాడుతున్నారంటే కారణం ఇదే.

మరొక మాట. ఎన్ని బంతులు కొన్నా, వాటితోపాటు 500, 1000, 2000, 4000 నంబర్ల గరుకు ప్యాడ్లు తప్పక తెప్పించుకోండి. వాటి బరువు బావగారి పెట్టెకు లెక్కలోకి రాదు. నడిమి బంతినే 1000తో రుద్దితే దండిగా ఆయిల్ ఉన్న ఉదయం లేన్ మీద ముందుగా పట్టు దొరుకుతుంది, 4000కు తెస్తే అదే బంతి ఇంకాస్త దూరం జారుతుంది. ఇది కొత్త బంతి కొనకుండానే కొత్త బంతి సంపాదించుకోవడం. అయితే అమెరికా బౌలింగ్ సమాఖ్య అయిన యూఎస్‌బీసీ నియమాల ప్రకారం పోటీ మొదలయ్యాక పొర రుద్దకూడదు, ద్రవాలతో తుడవకూడదు, పొడి తువ్వాలు మాత్రమే వాడాలి. మీ లీగు ఏ నియమాలు పాటిస్తుందో నిర్వాహకులను అడిగి, రుద్దే పనంతా ఆటకు ముందే ముగించండి.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

పెన్నగట్టు గారూ, యురేథేన్ మీద నాకేమీ కోపం లేదు, కానీ మన ప్రశ్నకర్త వేగం, తిప్పుడు చూడండి. పాకెట్‌లోకి బంతి సుమారు 6 డిగ్రీల కోణంలో దిగినప్పుడు స్ట్రైక్ (మొదటి బంతికే పది పిన్నులూ పడటం) అవకాశాలు బాగుంటాయని అంటారు. తిన్నగా వేసే బంతికి ఆ కోణంలో సగం కూడా రాదు. యురేథేన్ ముందే మళ్లి చివరలో చల్లబడుతుంది కాబట్టి, చేతిలో తిప్పుడు బాగా ఉన్నవారికి తప్ప ఆ కోణం అందడం కష్టం. మోస్తరు హుక్ ఉన్నవారికి అది పాకెట్‌ను తాకినా మూల పిన్నులు నిలబెట్టి పోతుంది. పైగా, రియాక్టివ్ బంతులు ఆయిల్‌ను పీల్చుకుపోతే, యురేథేన్ దానిని పొడి భాగంలోకి నెట్టుకుపోతుంది. రెండు గేమ్‌లయ్యాక మీ బంతి చివరలో తిరగకపోవడమే కాక, అదే లేన్ మీద ఆడుతున్న పక్కవారి లెక్క కూడా తప్పుతుంది. లీగులో స్నేహాలు ముఖ్యం కదా!

హైదరాబాదు ఎండిన లేన్లకు నేనైతే మరో దారి చూస్తాను. ఆ ప్లాస్టిక్ బంతినే స్ట్రైక్‌కు కూడా వాడవచ్చు. ఆయిల్ బొత్తిగా లేని చోట అది కూడా కొంత తిరుగుతుంది, ఎంత తిరుగుతుందో ముందే ఊహించవచ్చు.

పెన్నగట్టు (కడప)

ప్లాస్టిక్ మాట నిజమే, అది నాకు తట్టలేదు. అలాగైతే పెర్ల్ బెంగళూరు మూడో గేమ్‌కు, ప్లాస్టిక్ హైదరాబాదుకు సరిపోతాయి. తిప్పుడు పెరిగాక యురేథేన్ గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

ధర్మవరం మగ్గం (ధర్మవరం)

పెద్దలు ఆట గురించి చెప్పారు కాబట్టి నేను బంతి భద్రత గురించి చెబుతాను. మన ప్రాంతంలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మూసిన కారు డిక్కీలో వేడి అంతకంటే ఎంతో ఎక్కువ. రియాక్టివ్ బంతిని అక్కడ వదిలేస్తే పీల్చుకున్న ఆయిల్ పైకి చెమర్చడమే కాదు, వేడి నుంచి ఒక్కసారిగా ఏసీ హాలులోకి తెచ్చినప్పుడు పొర పగిలే ప్రమాదం కూడా ఉంది. బెంగళూరు నుంచి తిరిగి రాగానే బంతులను ఇంట్లోకి, నేల మీద చల్లని మూలకు చేర్చండి. ఆట ముగిసిన వెంటనే, ఆయిల్ ఇంకా లోపలికి ఇంకకముందే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పొర చాలాకాలం పట్టు నిలుపుకుంటుంది.

బావగారు వాడేసిన బంతులు చౌకగా దొరికాయని తెచ్చేటట్లయితే, వాటికి వేళ్లకు సంబంధం లేని అదనపు రంధ్రం ఉందేమో చూడమనండి. తూకం సరిచేయడానికి వేసే ఆ రంధ్రాన్ని యూఎస్‌బీసీ 2020 ఆగస్టు 1 నుంచి పోటీలలో నిషేధించింది.

గుత్తికోట (అనంతపురం)

ముగ్గురికీ నా కృతజ్ఞతలు. ప్లాస్టిక్, సాలిడ్, పెర్ల్, వాటితో ప్యాడ్లు, ఇదే జాబితాగా బావకు పంపిస్తున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. సెంటరు బంతులు 14 పౌండ్లవి వాడుతున్నాను, సొంతానికి 15 తీసుకోవచ్చా? రంధ్రాలు అక్కడే వేయించి తెమ్మనాలా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

రంధ్రాలు అక్కడ వద్దు. వేళ్ల మధ్య దూరం, బొటనవేలి లావు మీ చేయి ముందుంటేనే కుదురుతాయి. రంధ్రాలు లేని బంతులు తెప్పించుకుని, బెంగళూరులో డ్రిల్లింగ్ తెలిసినవారి దగ్గర కూర్చుని వేయించుకోండి. మీరు వేసే బంతి ఏ అక్షం మీద తిరుగుతుందో ఆయన ముందుగా కొలవాలి, ఆ బిందువు నుంచి, కోర్ పైభాగం ఎక్కడుందో చూపే బంతి మీది పిన్ గుర్తుకు ఉన్న దూరాన్ని బట్టి నడత మారుతుంది. 3⅜ అంగుళాల దగ్గర పెడితే బంతి ప్రతి చుట్టుకూ పొరలోని కొత్త భాగం అత్యధికంగా లేన్‌కు తగులుతుంది. మీ నడిమి బంతికి 4 నుంచి 4½ అంగుళాలు చాలు. కొలవకుండానే రంధ్రాలు వేస్తానంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

బరువు విషయానికొస్తే 15 తీసుకోవచ్చు. సెంటరు బంతికి రంధ్రాలు ఎవరి చేతికీ సరిపోవు కాబట్టి దానిని పిడికిలి బిగించి మోయవలసి వస్తుంది. మీ కొలతకు వేసిన 15 పౌండ్ల బంతి చాలామందికి ఆ 14 కంటే తేలికగానే అనిపిస్తుంది. అయితే మోచేతి నొప్పో, మణికట్టు నొప్పో ఇప్పటికే ఉంటే 14 దగ్గరే ఆగిపోండి. అప్పుడు మూడు బంతులకు 19 కిలోలే అవుతాయి, మీ అక్కగారి చాక్లెట్లకు మరో కిలోకు పైగా చోటు మిగులుతుంది.