అప్‌డేట్: మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఫుటర్ (పేజీ అడుగుభాగం) పేజీ నంబర్ల సమస్య తీరింది

నా థీసిస్‌లో ముందుమాట పేజీలకు రోమన్ అంకెలు, మొదటి అధ్యాయం నుంచి 1, 2 రావాలంటే ఎలా అని అడిగాను. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారిపోయేది. సెక్షన్ బ్రేక్ (ఫైలును వేర్వేరు భాగాలుగా విడదీసేది) చూడమన్నవారి మాటే నిజమైంది, ధన్యవాదాలు. కోఠిలో థీసిస్ బైండింగ్‌కి ఇచ్చినచోట డీటీపీ (కంప్యూటర్‌లో టైపింగ్, పేజీల అమరిక) చేసే ఆయన చూసిందీ అదే: నేను పెట్టింది మామూలు పేజ్ బ్రేక్, అది కొత్త పేజీ మొదలుపెడుతుందే కానీ భాగాలుగా విడదీయదు.

అది తీసేసి, అధ్యాయం ముందు కర్సర్ ఉంచి లేఅవుట్, బ్రేక్స్‌లో సెక్షన్ బ్రేక్స్ కింది నెక్స్ట్ పేజ్ ఇవ్వాలి. తర్వాత అధ్యాయం ఫుటర్‌పై డబుల్ క్లిక్ చేసి లింక్ టు ప్రీవియస్ (ముందు భాగం ఫుటర్‌తో ఉన్న ముడి) ఆపాలి. ఫుటర్‌లో ఉన్నది మార్చేముందే ఆపాలి, లేకపోతే ముందుమాట ఫుటరూ మారిపోతుంది. హెడర్‌కి (పేజీ పైభాగం) విడిగా ఆపాలి. డిఫరెంట్ ఫస్ట్ పేజ్ టిక్ ఉంటే ఆ మొదటి పేజీ ఫుటర్‌కి మళ్లీ విడిగా ఆపాలి; నాకు చివరిదాకా మిగిలిన చిక్కు ఇదే. ఆఖరున ఫార్మాట్ పేజ్ నంబర్స్‌లో స్టార్ట్ ఎట్ 1.

వర్డ్ రీఇన్‌స్టాల్, ఫాంట్ మార్పు అక్కర్లేదు.