క్రషర్ దుమ్ముకి ఎవరిని అడగాలి? బొగ్గు ప్లాంటు కార్బన్ కూడా పొల్యూషన్ బోర్డు చూస్తుందా?

చీమకుర్తి_మిద్దె:
అందరికీ నమస్కారం. మాది చీమకుర్తి దగ్గర ఒక ఊరు. పొలాలకి అవతల కంకర క్రషర్ ఒకటుంది. పగలు పర్లేదు, రాత్రి పదకొండు దాటాక మొదలవుతుంది అసలు సంగతి. తెల్లారి తులసి ఆకు మీద వేలు పెడితే విబూది పూసినట్టు తెల్లగా అంటుకుంటుంది. పోయిన వేసవిలో అమ్మ మిద్దె మీద వంకాయ ఒరుగులు ఎండబెట్టి, పైన పాత చీర కప్పినా కూడా, కూర వండాక పళ్ల కింద ఇసక కరకరలాడింది. ఇక మిద్దె మీద ఏదీ ఎండబెట్టడం మానేసింది. ఒక ఆఫీసుకి పోతే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు, అక్కడికి పోతే మళ్లీ మొదటి ఆఫీసే అన్నారు. అసలు ఇది ఎవరి పని?

ఇంకో డౌటు. ముత్తుకూరులో ఉండే మా బావ, బొగ్గు ప్లాంట్ల చిమ్నీలకి ఆన్‌లైన్ మీటర్లు ఉంటాయి, కార్బన్ ఎక్కువైతే బోర్డు వాళ్లు ఆపేస్తారు అని గట్టిగా వాదిస్తున్నాడు. నిజమేనా?

పాత_శాంపిల్_మనిషి:
ఎనిమిదేళ్లు ఒక ప్రైవేటు ల్యాబులో చిమ్నీలెక్కి శాంపిళ్లు తీసినవాణ్ణి, నాకు తెలిసింది చెప్తా.

దుమ్ము పొల్యూషన్ బోర్డు పనే, అందులో అనుమానం లేదు. 1981 వాయు చట్టం కింద రాష్ట్ర బోర్డు అనుమతి లేకుండా క్రషర్ పెట్టకూడదు, నడపకూడదు. రెండు కాగితాలు ఉంటాయి. కట్టకముందు తీసుకునేది సీఎఫ్‌ఈ, నడపడానికి తీసుకునేది సీఎఫ్‌ఓ. నీకు కావాల్సింది ఆ సీఎఫ్‌ఓ కాపీ. దాని వెనక షరతులుంటాయి చూడు, అవే నీ ఆయుధం. క్రషర్లకి కేంద్రం నిబంధనల్లోనే రాసి ఉంది: యంత్రాల దగ్గర దుమ్ము లేవకుండా కప్పులూ నీటి జల్లులూ ఉండాలి, గాలిని ఆపే గోడ కట్టాలి, ఆవరణలో గట్టి రోడ్డు వేయాలి, నేల తడుపుతూ ఉండాలి, చుట్టూ చెట్లు పెంచాలి. గాలిలో దుమ్ముకి ఘనమీటరుకు 600 మైక్రోగ్రాముల పరిమితి కూడా ఉంది గానీ అది కొలవాలంటే మిషను కావాలి. గోడ ఉందా లేదా అన్నది కళ్లతోనే తెలుస్తుంది కదా, అందుకే ముందు వాటి మీద పడు.

చాలామంది చేసే తప్పు ఏంటంటే "దుమ్ము వస్తోంది సార్" అని ఒక్క ముక్క రాసి ఇస్తారు. అది చూసి ఇంజనీరు పొద్దున పదకొండుకి వస్తాడు, అప్పుడు నీళ్లు చల్లుతూ ఉంటారు, "అంతా సవ్యంగా ఉంది" అని రాసుకుని పోతాడు. అలా కాకుండా ఫలానా షరతు, ఫలానా తేదీ, రాత్రి ఇన్ని గంటలు అని రాయాలి. ఒంగోలులో బోర్డు రీజినల్ ఆఫీసు ఉంది, అక్కడ ఇచ్చి రసీదు తీసుకో. సీఎఫ్‌ఓ కాపీ ఇవ్వకపోతే ఆర్టీఐ వెయ్యి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో కూడా ఒక కాపీ పడెయ్, అక్కడ నంబరు ఇస్తారు. ఆ నంబరు పారేసుకోవద్దు.

జల్లెడ_సూపర్‌వైజర్:
నేను క్రషర్‌లో పనిచేసినోణ్ణే, రెండో వైపు కూడా వినండి. రాత్రిపూట నీళ్లు ఎందుకు ఆపుతారో చెప్తా. తడి ఎక్కువైతే జల్లెడ కన్నాలు పూడుకుపోతాయి, ప్రతి అరగంటకీ ఆపి కమ్మీతో పొడవాలి, ఉత్పత్తి పడిపోతుంది. అందుకే ఎవరూ చూడని టైములో వాల్వు కట్టేస్తారు. తప్పే, కాదనను. కానీ నాజిల్ సన్నదైతే మంచులాగా పడుతుంది, జల్లెడ పూడదు. దానికి శుభ్రమైన నీళ్లు కావాలి, మన దగ్గర గ్రానైట్ కోత నీళ్లు వాడితే నాజిల్ రెండు రోజుల్లో మూసుకుపోతుంది. అక్కడ ఖర్చుకి వెనకాడతారు.

ఇంకోటి, మీ మిద్దె మీద పడేదంతా క్రషర్‌దే అనుకోకండి. పట్టా కప్పకుండా పోయే టిప్పర్లు, ఆ గుంతల రోడ్డు, సగం దుమ్ము వాటిదే. టిప్పర్ లోడు విషయం రవాణా శాఖ చూస్తుంది, బోర్డుకి రాస్తే పక్కన పెడతారు. రెండు కాగితాలు వేరువేరుగా పెట్టండి.

చీమకుర్తి_మిద్దె:
అన్నా, ఈ జల్లెడ సంగతి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. సీఎఫ్‌ఓ షరతులు తప్పితే మరి జైలేనా?

పాత_శాంపిల్_మనిషి:
ఇదివరకు వాయు చట్టంలో జైలు ఉండేది. 2023 జన విశ్వాస్ చట్టంతో దాదాపు అన్నిటికీ తీసేశారు, 2024 ఏప్రిల్ నుంచి పది వేల నుంచి పదిహేను లక్షల దాకా జరిమానా. నా లెక్కలో అంతకంటే గట్టి దెబ్బ సెక్షన్ 31ఏ. దాని కింద బోర్డు క్రషర్ మూసేయమనొచ్చు, కరెంటు కట్ చేయమనొచ్చు. ముందు నోటీసు, తర్వాత విచారణ, ఆపైన ఆర్డరు. నెలలు పడుతుంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా, బోర్డులు నష్టపరిహారం వసూలు చేయొచ్చని తీర్పిచ్చింది. బోర్డు కదలకపోతే 60 రోజుల నోటీసిచ్చి నువ్వే కోర్టుకి పోవచ్చు, లేదా పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కి, దాని బెంచి చెన్నైలో ఉంది. ట్రిబ్యునల్‌కైతే ఆరు నెలల గడువు ఉంటుంది, మర్చిపోవద్దు.

ముత్తుకూరు_గాలి:
మీ బావ చెప్పింది సగం నిజం. మీటర్లు ఉన్నాయి, అవి చూసేది దుమ్ము, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు. లెక్క నేరుగా రాష్ట్ర, కేంద్ర బోర్డుల సర్వర్లకి పోతుంది. కార్బన్ డయాక్సైడ్‌కి మాత్రం చిమ్నీ దగ్గర పరిమితి అంటూ ఏదీ లేదు. "ఎక్కువైతే ఆపేస్తారు" అనడానికి ఎక్కువ అంటే ఎంతో ఎక్కడా రాసి లేదు, మరి దేన్ని చూసి ఆపుతారు?

బొగ్గు కరెంటు ఒక యూనిట్‌కి కేజీకి అటూఇటూగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. వంద యూనిట్లు కాల్చే ఇల్లు నెలకి క్వింటా. ముత్తుకూరు పక్కన నేలటూరులో జెన్‌కో వాళ్లవే 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి, ఇక మిగతావి మీరే ఊహించుకోండి. దాని మీద అధికారం బోర్డుది కాదు, ఢిల్లీది. ఇంధన పొదుపు చట్టానికి 2022లో సవరణ చేసి, 2023లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం తెచ్చారు, చూసేది బీఈఈ, అంటే ఇంధన పొదుపు చూసే కేంద్ర సంస్థ. అదీ మొత్తం పొగ మీద కాదు, టన్ను సరుక్కి ఎంత కార్బన్ అనే లెక్క. మొదట లక్ష్యాలిచ్చింది సిమెంటు, అల్యూమినియం, క్లోర్ ఆల్కలీ (కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారీ), కాగితం పరిశ్రమలకి. థర్మల్ కరెంటు అందులో లేదు. థర్మల్ వాళ్లకి 2012 నుంచి పాట్ అనే ఇంకో పథకం ఉంది, అది తక్కువ బొగ్గుతో ఎక్కువ కరెంటు తీయమనేది.

సల్ఫర్ కథ ఇంకా బాగుంటుంది. 2015 డిసెంబరులో గట్టి పరిమితులు పెట్టారు, సల్ఫర్‌ని కడిగే ఎఫ్‌జీడీ యంత్రాలు బిగించమన్నారు, గడువు మీద గడువు పొడిగించారు, ఊళ్లని బట్టి ప్లాంట్లని మూడు తరగతులు చేశారు, చివరికి 2025 జూలైలో చాలా ప్లాంట్లకి ఆ సల్ఫర్ పరిమితి నుంచే మినహాయింపు ఇచ్చేశారు. గాలి బాగాలేదని కేంద్రం గుర్తించిన నగరాలకి పది కిలోమీటర్ల లోపు ఉంటే మాత్రం విడిగా ఆలోచిస్తారట. ఆ జాబితాలో నెల్లూరూ ఉంది, ఒంగోలూ ఉంది. కానీ ప్లాంట్లున్నది నెల్లూరు నుంచి పది కిలోమీటర్లు దాటాకే. గాలికి కిలోమీటరు రాళ్లు చదవడం ఎప్పుడు నేర్పారో మరి.

ఫ్రీమాంట్_నెల్లూరాయన:
నేనుండేది శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన. ఇక్కడ తొమ్మిది కౌంటీలకి కలిపి గాలి కోసమే ఒక సంస్థ 1955 నుంచి ఉంది. ఫ్యాక్టరీలు, రిఫైనరీలు దాని చేతిలో, బండ్లూ గ్రీన్‌హౌస్ వాయువులూ ఎక్కువగా కాలిఫోర్నియా రాష్ట్ర బోర్డు చేతిలో. అంటే ఇక్కడ కూడా పొగ ఒకరిది, కార్బన్ ఇంకొకరిది. చలికాలంలో గాలి బాగాలేదని ప్రకటించిన రోజు ఇంట్లో కట్టెలు కాల్చినా ఫైన్. కట్టెల మంటతో పొగాకు ఆరబెట్టే మన బ్యారన్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

జల్లెడ_సూపర్‌వైజర్:
సామీ, బ్యారన్ జోలికి రాకు, మా నాన్న చదివేస్తే నా పని అయిపోతుంది.

చీమకుర్తి_మిద్దె:
ఈ సోమవారం ఒంగోలు పోతున్నా. ఒక కాగితం సీఎఫ్‌ఓ కాపీ కోసం, ఒకటి రాత్రి నీళ్లు ఆపడం మీద, టిప్పర్లది విడిగా. తులసి ఆకు ఫోటో ఉంది కానీ తేదీ లేదు.

పాత_శాంపిల్_మనిషి:
ఆకు వద్దు. రాత్రి మిద్దె మీద నల్ల రంగు ప్లాస్టిక్ ట్రే ఒకటి పెట్టు, పక్కన ఆ రోజు పేపరు తేదీ కనపడేలా పెట్టి ఫోటో తియ్యి. పొద్దున్నే ఊడ్చకుండా మళ్లీ తియ్యి. అలా వారం రోజులు చెయ్యి. అది కోర్టు కొలత కాదు గానీ, రాత్రి పూట శాంపిల్ తీయమని అడగడానికి సరిపోతుంది. కాగితంలో "రాత్రి 11 నుంచి తెల్లారి 4 మధ్య శాంపిల్ తీయగలరు" అని ఆ వాక్యం మాత్రం తప్పకుండా రాయి.