ప్రయాణాలకు తేలికైన మిర్రర్‌లెస్: మైక్రో ఫోర్ థర్డ్స్ మేలా, చిన్న ఫుల్‌ఫ్రేమ్ మేలా?

శిల్పలేఖ:

అందరికీ నమస్తే. నా దగ్గర ఇప్పుడున్నది నికాన్ డీ7200, 18-140 లెన్స్. బ్యాటరీతో బాడీ 765 గ్రాములు, లెన్స్ 490. అంటే కిలోంబావు పైనే. భుజం నొప్పి మొదలయ్యాక రోజంతా మెడలో వేసుకుని తిరగడం నా వల్ల కావట్లేదు.

వచ్చే మే నెలలో అమ్మానాన్నలతో కేదార్‌నాథ్ వెళ్తున్నాం. అది కాక నేను ఎక్కువగా తీసేది గుళ్లు, శిల్పాలు: రామప్ప, లేపాక్షి, హంపి. ప్రతి దసరాకీ మా ఊళ్లో బతుకమ్మ. తేలికైన మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) కొనాలనుకుంటున్నాను. బడ్జెట్ లక్షన్నర, సెకండ్ హ్యాండైనా ఇబ్బంది లేదు. షాపులో అడిగితే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్నది) తప్ప వేరేది వద్దన్నారు. మా స్నేహితురాలేమో మైక్రో ఫోర్ థర్డ్స్ (చిన్న సెన్సార్) రకమైన ఓఎం సిస్టమ్ కొనమంటోంది. నిజంగా వాడినవాళ్లు చెప్తే వినాలని ఉంది.

కొండదారి:

మేడమ్, నడిచి తిరిగేవాళ్లకి మైక్రో ఫోర్ థర్డ్స్‌ని మించింది లేదు. ఓఎం-5 బాడీ బ్యాటరీ, కార్డుతో కలిపి 414 గ్రాములు. 12-45 ఎఫ్4 ప్రో లెన్స్ 254 (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ వెలుతురు పడుతుంది). ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో చెప్పాలంటే దాని చూపు 24 నుంచి 90 ఎంఎం (అంకె తగ్గేకొద్దీ వెడల్పు, పెరిగేకొద్దీ దూరం). చిన్న 40-150 జూమ్ కూడా వేసుకుంటే ఇంకో 190 గ్రాములు, చూపు 300 ఎంఎం దాకా పోతుంది. మూడూ కలిపి 858. లెన్స్ లేని మీ డీ7200 బాడీ కంటే 93 గ్రాములే ఎక్కువ.

గౌరీకుండ్ నుంచి గుడికి పదహారు కిలోమీటర్లకు పైగా నడక. ఎత్తు 3,500 మీటర్లు దాటుతుంది. ఆ దారిలో వాన ఎప్పుడు దిగుతుందో చెప్పలేం. ఓఎం-5కి ఐపీ53 రేటింగ్ (దుమ్ము, చినుకులు తట్టుకునే ప్రమాణం) ఉంది. సీల్ ఉన్న లెన్స్ పెడితే చినుకుల్లో కూడా బయటికి తీసి వాడుకోవచ్చు. సంచిలో దాచిన కెమెరాతో ఫోటోలు రావు కదా.

ఇక గుళ్ల సంగతి. పురావస్తు శాఖ కట్టడాల్లో అనుమతి లేనిదే ట్రైపాడ్ వాడనివ్వరు. లేపాక్షి వీరభద్రస్వామి గుడి కప్పు మీద విజయనగర కాలం నాటి రంగుల బొమ్మలున్నాయి. మంటపంలో స్తంభానికి ఆనుకుని, మోచేతులు పక్కలకి అదిమి, 12 ఎంఎం దగ్గర పావు సెకను షట్టర్‌తో చేత్తోనే తీస్తాను. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సార్ స్పందించే స్థాయి) 400 దాటించక్కర్లేదు. బొమ్మల చీరల అంచుల్లో గీతలు గీతల్లాగే నిలుస్తాయి. బాడీలోని స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) 6.5 స్టాపులని కంపెనీ చెప్తుంది. ఒక్కో స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లెక్క. ఆ మాట నిలబడటం నేను కళ్లారా చూస్తున్నాను.

ఓరుగల్లు ఫ్రేమ్స్:

అన్నా, కప్పు మీది బొమ్మలు కదలవు. బతుకమ్మ కదుల్తది.

సద్దుల బతుకమ్మ నాడు చీకటి పడ్డంక ఆట మొదలైతది. ఉండేది వీధిలైటు, లేదంటే గుడి ముందు కట్టిన ఒక ఎల్‌ఈడీ బల్బు. ఆడవాళ్లు వంగి లేస్తూ, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతుంటరు. ఆ చేతులు ఆగినట్టు రావాలంటే షట్టర్ 1/125 అన్నా ఉండాలె. స్టెబిలైజేషన్ మన చెయ్యి వణుకు ఆపుతది గాని ఎదుటోళ్ల కదలికను ఆపదు. అక్కడ పనికొచ్చేది వెలుతురు పట్టే శక్తి ఒక్కటే.

ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ 36×24 ఎంఎం. మైక్రో ఫోర్ థర్డ్స్‌ది 17.3×13. వైశాల్యంల దాదాపు పావు వంతు. ఒకే ఎఫ్ నంబర్ దగ్గర రెండు స్టాపుల తేడా వస్తది. ఫుల్‌ఫ్రేమ్‌ల ఐఎస్ఓ 6400 దగ్గర కనపడే నాయిస్ (ఫోటోల ఇసుక చల్లినట్టు వచ్చే చుక్కలు) ఇక్కడ 1600కే మొదలైతది. తంగేడు పూల పసుపు, గునుగు పూలకు అద్దిన రంగులు ముందుగ పాడయ్యేది అట్లనే. నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ ఆ పూలరేకులను ముద్ద చేస్తది.

ఇంకోటి. చిన్న సెన్సార్ అంటే తేలిక అన్నది పాత ముచ్చట. 2013ల పానాసోనిక్ జీఎం1 బ్యాటరీతో 204 గ్రాములుండె. అసలైన చిన్న కెమెరా అంటే అది. ఇప్పుడు అదే కంపెనీ జీ9 మార్క్ 2 బరువు 658. ఫుల్‌ఫ్రేమ్ సోనీ ఏ7సీ 2 చూస్తే 514, కెనాన్ ఆర్8 461. ఆర్8కి 50 ఎఫ్1.8 పెడితే మొత్తం 621 గ్రాములు. అదే చూపు కోసం ఓఎం-5కి 25 ఎఫ్1.8 పెడితే 551. తేడా 70 గ్రాములు. ఒక కోడిగుడ్డు కంటె కొంచెం ఎక్కువ. అంత బరువు కోసం రెండు స్టాపులు వదులుకోవాల్నా?

పల్లెబాట:

ఇప్పటి ఫోన్లు బాగానే తీస్తున్నాయి కదండీ. లక్షన్నర పెట్టి కెమెరా ఎందుకు?

శిల్పలేఖ:

ఫోన్‌తో కూడా తీస్తాను. కానీ సాయంత్రపు ఎండ పక్కనుంచి పడ్డప్పుడు రాతి మీది ఉలి గరుకును ఫోన్ నున్నగా చేసేస్తోంది. రామప్ప మదనికల నల్లరాతిలో ఒక మెరుపుంటుంది. మెడ దగ్గర ఒకలా, నడుము దగ్గర ఒకలా. అది ఫోన్ ఫోటోలో ఒకే నలుపైపోతోంది. నేను పెద్ద సైజు ప్రింట్లు వేయిస్తాను కాబట్టి ఆ తేడా నాకు ముఖ్యం.

కొండదారి:

ఓరుగల్లు అన్నా, బతుకమ్మ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పిన ఆర్8 బాడీలో స్టెబిలైజేషన్ లేదు. ఆ 50 ఎఫ్1.8 లెన్స్‌లోనూ లేదు. బతుకమ్మ ఏడాదికోసారి, మేడమ్ గుళ్లకి వెళ్లేది ఏడాది పొడుగునా. పైగా ఒక్క 50తో గుడి మొత్తం రాదు, వెడల్పు లెన్స్ ఇంకోటి కావాలి. అది కూడా కలిపి లెక్క చెప్పండి.

మైక్రో ఫోర్ థర్డ్స్ పని అయిపోయిందని ఎవరో ఒకరు అనక మానరు కాబట్టి ముందే చెప్తున్నాను. ఒలింపస్ కెమెరా వ్యాపారం 2021లో చేతులు మారి ఓఎం అయింది. 2025లో ఓఎం-3, ఓఎం-5 మార్క్ 2 వచ్చాయి. 2008లో మొదలైన మౌంట్ (బాడీకి లెన్స్ తగిలించే అమరిక) ఇది. ఆనాటి లెన్స్ ఈనాటి బాడీకి అలాగే ఎక్కుతుంది.

నల్లమల:

సెన్సార్ సైజుల్లో ఈ రెండిటి మధ్యలో ఏపీఎస్-సీ అని ఒకటుందని మరిచిపోతున్నారు. ఫుజీ ఎక్స్-టీ50 438 గ్రాములు, 16-50 లెన్స్ 240. మొత్తం 678, చూపు 24 నుంచి 75 దాకా. 40 మెగాపిక్సెళ్లు, బాడీలో స్టెబిలైజేషన్. పెద్ద ప్రింట్లంటున్నారు కాబట్టి చెప్తున్నాను. ఆ బాడీకి వాన నుంచి సీల్ లేదు, అదొక్కటే లోటు. సీల్ కావాలంటే ఎక్స్-టీ5 ఉంది, 557 గ్రాములు.

విశాఖ తీరం:

ఇంతమంది బరువులు తూచారు గానీ, మేడమ్ అసలు ఏ ఫోకల్ లెంగ్త్‌లో, అంటే ఎన్ని ఎంఎం దగ్గర, తీస్తారో ఎవరూ అడగలేదు. నా దృష్టిలో తేల్చాల్సింది అదొక్కటే.

నేను పక్షుల కోసం తిరుగుతాను. కొల్లేరు దగ్గర ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టే కాలంలో ఓఎం-5కి 75-300 తగిలించుకుని వెళ్తాను. రెండూ కలిపి 837 గ్రాములు, చూపు 600 ఎంఎం. సోనీ ఫుల్‌ఫ్రేమ్‌లో 600 కావాలంటే 200-600 లెన్స్ ఒక్కటే రెండు కిలోలు దాటుతుంది. వెలుతురు అది ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ పడవలో కూర్చుని పొద్దంతా చేత్తో పట్టుకోగలిగేది నా సెట్టే.

చిన్న సెన్సార్ లాభమంతా ఆ పొడుగు లెన్సుల దగ్గరే ఉంది. మామూలు చూపు, వెడల్పు చూపు దగ్గరికి వచ్చేసరికి అది కరిగిపోతుంది. పైన ఓరుగల్లు అన్న చూపించిన 70 గ్రాముల తేడా అక్కడిదే. అందుకని మేడమ్, మీ పాత ఫోటోలన్నీ లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే లైబ్రరీ ఫిల్టర్‌లో మెటాడేటా తెరిచి, ఒక కాలమ్‌లో ఫోకల్ లెంగ్త్ పెట్టండి. ఏ అంకె దగ్గర ఎన్ని ఫోటోలున్నాయో వరసగా చూపిస్తుంది. ఎంపిక చేసుకున్నవి, ప్రింట్ వేయించినవి మాత్రమే లెక్కలోకి తీసుకోండి. తీసినవన్నీ కాదు.

శిల్పలేఖ:

చూశాను. నేనే ఆశ్చర్యపోయాను. ప్రింట్ వేయించినవాటిలో సగానికి పైగా 18 నుంచి 35 మధ్యే ఉన్నాయి. బతుకమ్మవి దాదాపు అన్నీ 24, 28 చుట్టూ. 100 దాటినవి చాలా తక్కువ, అవి కూడా హంపిలో గోపురం పైవరస బొమ్మలు.

విశాఖ తీరం:

అయితే మీకు ఓఎం-5 అవసరం లేదు. దాన్నే వాడుతూ ఈ మాట చెప్తున్నాను.

డీ7200ది ఏపీఎస్-సీ సెన్సార్ కాబట్టి అందులో 18-35 అంటే ఫుల్‌ఫ్రేమ్‌లో సుమారు 27-53. 2020లో వచ్చిన మొదటి సోనీ ఏ7సీ సెకండ్ హ్యాండ్‌లో చూడండి. బాడీ 509, దాంతో వచ్చే 28-60 లెన్స్ 167. మొత్తం 676. కొండదారి గారు చెప్పిన ఓఎం-5, 12-45 సెట్ 668. ఎనిమిది గ్రాముల తేడా. చీకటి కోసం సోనీకి 40 ఎఫ్2.5 (173 గ్రాములు), ఓఎంకి 17 ఎఫ్1.8 (120 గ్రాములు) కలుపుకుంటే 849, 788. తేడా 61.

మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఎఫ్4 పట్టే మొత్తం వెలుతురు ఫుల్‌ఫ్రేమ్‌లో ఎఫ్8కి సమానం. 28-60 ఎఫ్4 నుంచి ఎఫ్5.6 దాకా. అంటే ఆ చవక కిట్ లెన్స్ కూడా ఒకటి నుంచి రెండు స్టాపులు ముందుంది. బాడీలో స్టెబిలైజేషన్ ఉంది కాబట్టి లేపాక్షికీ పనికొస్తుంది.

సెకండ్ హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. వెనక నుంచి టార్చ్ వేసి ముందు గాజులోంచి చూడండి. మా సముద్రం పక్క ఊళ్ల నుంచి వచ్చే లెన్సుల్లో ఫంగస్ సన్నటి సాలెగూడులా అంచుల నుంచి పాకుతుంది. పైపైన చూస్తే కనపడదు.

కొండదారి:

లెక్క బాగుంది గానీ మూడు విషయాలు వదిలేశారు. ఒకటి, 28 దగ్గర మొదలయ్యే లెన్స్. రామప్ప రంగమంటపంలో వెనక్కి జరగడానికి చోటెక్కడుంది? 24 ఉంటే నాలుగు స్తంభాలూ వస్తాయి, 28తో అంచులు తెగుతాయి. రెండు, స్టెబిలైజేషన్: ఏ7సీకి కంపెనీ చెప్పేది 5 స్టాపులు, ఓఎం-5కి 6.5. కదలని బొమ్మ మీద మీరు చెప్పిన సెన్సార్ లాభాన్ని అది చాలావరకు పూడ్చేస్తుంది. మూడు, వాన. ఏ7సీకి సోనీ ఐపీ రేటింగ్ ఏదీ ఇవ్వలేదు. నిండు వానలో దాన్ని బయటికి తియ్యమని నేనైతే చెప్పను.

విశాఖ తీరం:

వాన విషయంలో మీదే పైచేయి. అక్కడ వాదన లేదు. కానీ బ్యాటరీ కూడా చెప్పండి మరి. ఓఎం-5 ఒక చార్జికి మూడొందల పైచిలుకు ఫోటోలంటారు. ఏ7సీ పెద్ద బ్యాటరీ దానికి రెట్టింపు పైనే లాగుతుంది. చలి ప్రదేశంలో రెండూ తగ్గుతాయి, చిన్నది ముందే ఆగిపోతుంది. పైగా పాత ఓఎం-5 చార్జింగ్ సాకెట్ మైక్రో యూఎస్‌బీ. ఇంట్లో అన్నిటికీ టైప్-సీ కేబుళ్లుండగా దీనికోసం వేరే కేబుల్ గుర్తుపెట్టుకుని తీసుకెళ్లాలి. మార్క్ 2లో దాన్ని సరిచేశారు.

శిల్పలేఖ:

కొండదారి గారూ, 24 గురించి మీరన్నది ఆలోచించాను. కానీ నా డీ7200లో 18 అంటే 27. ఇన్నాళ్లూ రామప్ప మంటపంలో దానితోనే తీశాను. నాలుగు స్తంభాలు ఒకేసారి రావాలని నేనెప్పుడూ పాకులాడలేదు. ఒక్క స్తంభం దగ్గర నిలబడి, దాని మీది నగిషీ వరసలు పట్టుకోవడమే నాకిష్టం. 28 నాకు ఇరుకనిపించదు.

వాన మాత్రం నన్ను ఇంకా ఆలోచింపజేస్తోంది. అయినా ఏ7సీ వైపే మొగ్గుతున్నాను. ఈ ఆదివారం కోఠికి వెళ్లి చేతిలో పట్టుకుని చూస్తాను. ఓరుగల్లు గారూ, బతుకమ్మకి 40 ఎఫ్2.5 చాలంటారా?

ఓరుగల్లు ఫ్రేమ్స్:

మేడమ్, బతుకమ్మకే అయితే 35 ఎఫ్1.8 తీస్కోండి. బరువు 280, 40 కంటె 107 గ్రాములు ఎక్కువ. దాని బదులు ఒక స్టాప్ ఎక్కువ వెలుతురు వస్తది. చీకట్ల ఆ ఒక్క స్టాపే ముఖాలు పోల్చుకునేటట్టు చేస్తది. మీరు తీసిన 24, 28 అంటే ఫుల్‌ఫ్రేమ్‌ల 36, 42. మీ చూపుకు 35 దగ్గర్నే ఉన్నది. కేదార్‌నాథ్‌కు దాన్ని ఇంట్ల పెట్టి, 28-60 ఒక్కటే పట్టుకపోండి. 40 అయితే రెండింటికీ అటు ఇటు కాకుండ మిగులుతది. కోఠిల చూసేటప్పుడు వ్యూఫైండర్ల కన్ను పెట్టి చూడుండ్రి. ఏ7సీది చిన్నగుంటది. కళ్లద్దాలుంటే అది కొందరికి పడదు.

కొండదారి:

ఏ7సీయే అయితే సరే, దారికి సరిపడా సిద్ధం చేసుకోండి. లెన్స్ మూతి దగ్గర తాడు బిగించే పలచటి రెయిన్ కవర్ ఒకటి, రెండు పొడి మైక్రోఫైబర్ గుడ్డలు పై జేబులో పెట్టుకోండి. అడుగు జేబులో పెడితే తియ్యడానికి సంచి మొత్తం వానలో తెరవాలి. చలిలోంచి గదిలోకి వచ్చాక కెమెరాని వెంటనే బయటికి తియ్యకండి. జిప్ కవర్లో మూసి, గది వేడికి అలవాటు పడనివ్వండి, లేకపోతే లోపల తేమ పడుతుంది. విమానంలో అదనపు బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు. కేదార్‌నాథ్ గుడి లోపల ఫోటోలు నిషేధం, 2023లో ఫోన్లు కూడా వద్దని బోర్డులు పెట్టారు. అమ్మానాన్నలు దర్శనానికి లోపలికి వెళ్లేటప్పుడు కెమెరా సంచి ఎవరి దగ్గర ఉండాలో ముందే అనుకోండి.