"పురిటాలై యుండవలెను": లేవీయకాండం 12లోని ఒక మాట

ప్రశ్న: మగపిల్లవాణ్ణి కన్న స్త్రీ ఏడు రోజులు అశుద్ధురాలని లేవీయకాండం 12వ అధ్యాయం ఇంగ్లీషు అనువాదాల్లో ఉంది. మన పాత తెలుగు బైబిలులో అదే చోట "పురిటాలై యుండవలెను" అని చదివాను. పురిటాలు అంటే బాలింతే కదా. కన్న తల్లి బాలింతగా ఉండాలని వేరే చెప్పడమెందుకు? ఇది అనువాదకుల పొరపాటా?

సమాధానం: పొరపాటు కాదండీ, నా దృష్టిలో అది చాలా తెలిసి వేసిన మాట. పురుడు అంటే ప్రసవమూ అవుతుంది, ప్రసవం వల్ల వచ్చే అశౌచమూ అవుతుంది. కోడలికి పురుడు పోశారన్నప్పుడు మొదటి అర్థం. దాయాదుల ఇంట బిడ్డ పుట్టగానే "మాకు పురుడొచ్చింది, వ్రతానికి రాలేము" అని కబురు పంపినప్పుడు రెండవది. ఇక్కడి హీబ్రూ మూలంలోని తుమా (అశుద్ధి) అన్న భావన కూడా ఆలయానికీ పవిత్రమైన వస్తువులకూ ఎడంగా ఉండవలసిన స్థితిని చెబుతుందే గాని, ఒంటి మురికినో నడతలోని దోషాన్నో చెప్పదు. అక్కడ "అపవిత్రురాలు" అని వేసి ఉంటే తల్లిపై నింద మోపినట్టుండేది.

మగబిడ్డయితే ఆ 7 రోజులు గడిచాక ఎనిమిదవ రోజున బిడ్డకు సున్నతి చేస్తారు. తల్లికి మరో 33 రోజులు శుద్ధిదినాలు, మొత్తం 40. ఆడబిడ్డయితే 14, 66 కలిసి 80. గడువు తీరాక ఏడాది గొర్రెపిల్లను దహనబలిగానూ, ఒక గువ్వనో పావురపు పిల్లనో పాపపరిహారార్థబలిగానూ ఇవ్వాలి; గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేనివారికి రెండు పక్షులు చాలు. లూకా సువార్త 2:24లో యేసు పుట్టాక మరియ, యోసేపులు ఆలయానికి తెచ్చింది పక్షుల జతే కాబట్టి వారు పేదవారని వ్యాఖ్యాతలు గ్రహించారు. క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలిపోవడంతో ఈ బలులు ఆగిపోయాయి.

అయితే మన మాట మనల్ని ఏమరిపించే చోటు కూడా ఒకటుంది. లూకా 2:22లో "వారు తమ్మును శుద్ధి చేసికొను దినములు" అని బహువచనం కనిపిస్తుంది. పురుడు ఇంటిల్లిపాదికీ అంటుతుందని ఎరిగిన తెలుగు పాఠకుడు దాన్ని తడుముకోకుండా దాటిపోతాడు. లేవీయకాండం మాత్రం ఆ శుద్ధిని తల్లి ఒక్కతెకే విధించింది. అందుకే గ్రీకు మూలంలోని "వారి" అన్న మాట పండితులకు ఇప్పటికీ చిక్కుముడి.

ప్రశ్న: ఫిబ్రవరి 2న కొవ్వొత్తులు దీవించే పండుగకు మూలం ఇదేనా?

సమాధానం: ఇదే. డిసెంబరు 25ను ఒకటిగా లెక్కపెడితే ఆ నెలలో 7 రోజులు, జనవరిలో 31, ఆపై రెండు: సరిగ్గా 40. జననాన్ని జనవరి 6న జరుపుకొనే ఆర్మేనియా సంఘానికి ఇది ఫిబ్రవరి 14న వస్తుంది. ఆలయంలో శిశువైన యేసును చేతుల్లోకి తీసుకొన్న సుమెయోను అనే భక్తుడు ఆయనను అన్యజనులకు వెలుగు అన్నాడు. కొవ్వొత్తులకు ఆధారం ఆ మాటే. రోమను కతోలికులు చాలాకాలం దీన్ని మరియ శుద్ధీకరణ పండుగ అన్నారు. 1969 నాటి పంచాంగ సంస్కరణ నుండి ప్రభువు సమర్పణ అంటున్నారు. అంటే తల్లి పురుడు పేరులో నుంచి తప్పుకొని బిడ్డ ముందుకు వచ్చాడు. తూర్పు సంఘాల వారి గ్రీకు పేరు హిపపంతే, అంటే సుమెయోను, అన్న అనే ప్రవక్త్రి ఇద్దరూ ఆలయంలో శిశువును ఎదుర్కొనడం. దానికి తెలుగులో "ఎదుర్కోలు" అన్న మాట అతికినట్టు సరిపోతుంది గాని, వినగానే విడిదింటి ముందు మేళతాళాలతో నిలబడ్డ పెళ్ళివారు గుర్తుకు రాక మానరు.