నారచీరలో చీర ఎక్కడిది?

కావలి: వాల్మీకంలో సీత అడిగే మాట నిన్నటి నుంచి వదలడం లేదు. "కథం — చీరం బధ్నంతి మునయో వనవాసినః", అడవిలో ఉండే మునులు చీరం ఎలా కట్టుకుంటారు అని. ఆ ఖాళీలో 'ను'నా, 'తు'నా? ఇంకో సందేహం కూడా. అక్కడ చీరమంటేనే మునులు కట్టే నారబట్ట. మనం దానికి మళ్ళీ 'నార' ఎందుకు తగిలించాం?

ఒంగోలు: 'ను' అనే గుర్తు. కైక నోట కూడా ఇదే మాట, "చీరాజినజటాధారీ", అంటే నారబట్ట, తోలు, జడలు ధరించినవాడు. తెలుగులో చీర మగ్గం మీది బట్టకు పేరైపోయాక మునుల బట్టను వేరుగా చెప్పడానికి నార కావలసి వచ్చింది. రాముడు కట్టిందీ నారచీరే కదా. ఆడవాళ్ళ బట్ట అన్న అర్థం తర్వాత బిగిసింది.

కోవూరు: సంస్కృతం దాకా ఎందుకు మాస్టారూ? చీల్చడమనే చీరు నుంచే చీర. బెరడు చీరి, నానబెట్టి, కొట్టి మెత్తగా చేసి ఒంటికి చుట్టుకున్నారు. మగ్గం వచ్చి బట్ట మారింది, పేరు మారలేదు.

ఒంగోలు: కుదరదు. గోళ్ళతో చీఱడంలో ఉన్నది బండి ఱ. తమిళంలో కీఱు, మనకు గీఱు, చీఱు. చీరలో ఉన్నది మామూలు ర.

నెల్లూరు, మూలాపేట: అన్నా, పోతన "పరివారంబునుఁ జీరఁడు" అన్నాడు కదా. గజేంద్రమోక్షంలోని ఆ పద్యానికి ప్రాస రేఫే, అంటే ర.

ఒంగోలు: ఆ చీరడం పిలవడం, వేరే క్రియ. పైగా అది ప్రాసస్థానంలో, అంటే పాదంలో రెండో అక్షరంగా, లేదు. అక్కడ ప్రాస సిరి, పరి, తర, పరి. జీరఁడు పాదం మధ్యలో పడింది. దాంతో ఏ రేఫా తేలదు.

మూలాపేట: తేలకపోయినా ఆ పద్యం వదలబుద్ధి కాదు. అదే పద్యంలో చేలాంచలం కూడా ఉంది చూడండి. శంఖచక్రాలు పట్టలేదు, గరుడుణ్ణి సిద్ధం చేయలేదు, జుట్టు సర్దుకోలేదు. ప్రణయకలహంలో పట్టుకున్న లక్ష్మి పైటకొంగు మాత్రం చేతిలోనే ఉండిపోయింది. దేవుడి తొందర చూపించడానికి ఒక బట్ట అంచు చాలింది పోతనకు. ఇంకెవరికి తోస్తుందబ్బా ఇది!

కోవూరు: ర, ఱలు ప్రాసలో కలిపాడని లాక్షణికులు, అంటే పద్యాలకు నియమాలు రాసినవాళ్ళు, పక్కన పెట్టింది ఆ పోతననే. అంత పెద్ద కవి చెవికే రెండూ ఒకటైతే జనం నోట ఎప్పుడో కలిసిపోయి ఉంటాయి. చీఱ చీర కావడానికి అడ్డేముంది?

ఒంగోలు: తిక్కన ఊరి పక్కన ఉండి ఆ మాట అనకండి. ఆయన ప్రాసల్లో రెండూ వేరువేరుగానే ఉన్నాయి. చీర అంతకన్నా పాత మాట.

వేటపాలెం: మగ్గం వైపు నుంచి ఒక మాట. ఒక్క చీర కోసం పడుగు, అంటే నిలువు నూలు, పెట్టరు. ఒకే పడుగు మీద వరసగా నేసుకుంటూ పోతాం. చీరకూ చీరకూ మధ్య పేక, అంటే అడ్డ నూలు, వేయకుండా కాస్త వదిలి అక్కడ కోస్తాం. ఇంకోటి, మా పక్కనే పాత ఓడరేవు మోటుపల్లి. 1244లో కాకతీయ గణపతిదేవుడు సముద్రవర్తకులకు రక్షణ ఇస్తూ వేయించిన అభయశాసనంలో పట్టునూలు మీద సుంకం కూడా ఉంది. ఆ శతాబ్దం చివర మార్కో పోలో ఇక్కడి సన్నబట్టను సాలెగూడుతో పోల్చాడు, ఏ రాజైనా రాణైనా సంతోషంగా కట్టుకుంటారన్నాడు. మనకు నేసేవాడూ సాలీడే, గూడు అల్లే పురుగూ సాలీడే. తెలుగు రాని మనిషికి అదే పోలిక తట్టింది.

కందుకూరు: చీరాల అన్న పేరు కూడా చీర నుంచేనా అన్నా?

వేటపాలెం: క్షీరపురి అంటారక్కా, పాలకడలి కథ చెప్పి. నేతగాళ్ళ ఊరు కాబట్టి చీర అని మనకు అనిపిస్తుంది.

కందుకూరు: మరి కోక మాట ఎవరూ ఎత్తలేదేంది? మా అవ్వ నోట చీర అన్న మాటే వినలేదు. కట్టుకునేది కోక, ఆరేసేది కోక.

కోవూరు: కోకకు వేరే చర్చ పెట్టుకుందాం అక్కా. వేటపాలెం అన్న చెప్పిన కోత నా మాటకే బలం. కోసి విడదీసిందే చీర.

ఒంగోలు: కోయడం వేరు, చీఱడం వేరు. తమిళంలో నారబట్ట సీరై, కన్నడంలో సీరె. వీటిలో ఎక్కడా ఱ లేదు.

కోవూరు: మూడు భాషల్లోనూ ఉన్న మాట సంస్కృతం నుంచే దిగిందని ఎందుకనుకోవాలి? ఇటు నుంచే అటు పోయి ఉండవచ్చు. పాత శాసనాల్లో 'చీఱ' అని బండి ఱతో చూసినవాళ్ళుంటే ఫోటో పెట్టండి.